శిలాగర్భ వాయువు: గోదావరి లోయలో లాభనష్ట విచారము

(భద్రాచలమున జరిగిన స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము ఇక్కడ కూడినామో ఆ మహాశయుని గుణకీర్తనము నాకు ముందు మాటలాడినవారు చక్కగా చేసియున్నారు గనుక, నేను దానిని పునరుక్తి చేయను. బొగ్గు బావులలో దిగి రాతిపొరలను చదువుటయందే ఆయుర్దాయమెల్ల వెచ్చించిన ఆయనకు పొగడ్తలపై నంతగా మక్కువ లేకుండెడిది. ఒక రాతిముక్కను శిష్యుని యరచేతిలో నుంచి, అది యే పొరదో చెప్పుమని యడిగి, తప్పు చెప్పినను కోపగింపక మరియొక ముక్కను చేతిలో పెట్టుట ఆయన పద్ధతి. అట్టివాని పేరిట జరుగు ఉపన్యాసము ఒక రాతిపొరను గురించినదే యగుట ఉచితమని తలంచి ఈ విషయము నెన్నుకొంటిని.

2011 సంవత్సరము జనవరి 25వ తేదీన పశ్చిమ బెంగాలులో దుర్గాపురము చెంత నున్న ఇచ్ఛాపురమను గ్రామమున ఓఎన్‌జీసీ వారు త్రవ్విన బావినుండి షేలు వాయువు వెలువడినది. నొక్కుకొనిపోయి గట్టిపడిన బురదరాతినుండి మన దేశములో వాయువును రాబట్టుట అదియే ప్రథమము. ఆ వాయువు నిచ్చిన పొరకు భూగర్భశాస్త్రజ్ఞులు బ్యారెన్ మెజర్స్ అని పేరిడిరి. దామోదర నది లోయలో బొగ్గుపొరల మీద పరచుకొనియున్న ఆ పొరకు సమకాలికమైనది, అదే పేరుతో పిలువబడునది, ఈ ఊరికి ఎదుటి గట్టున మణుగూరు, కొత్తగూడెము ప్రాంతములలోను బొగ్గునకు పైన నున్నది. అక్కడ వచ్చినది ఇక్కడ ఏల రాకూడదను ప్రశ్న సహజముగనే పుట్టును. అంతకుముందే, 2006లో, బొగ్గుపొరలలోని మీథేను కొరకు కేంద్రప్రభుత్వము జరిపిన మూడవ విడత వేలములో గోదావరి లోయలోని ఖండములును చేరినవి. అందొకటి కొత్తగూడెము పేరనే యుండెను. నేటికిని దేశములో బొగ్గుపొరల వాయువును అమ్మకమునకు తెచ్చుచున్నవి రాణిగంజి, సోహాగ్‌పూరు మొదలగు ఉత్తరదేశపు క్షేత్రములే గాని మన లోయ కాదు. అయినను, ప్రశ్న ముగిసిపోయినదని నేననుకొనను. వాయువు ధర పెరిగిన ప్రతి పర్యాయమును అది తిరిగి తలయెత్తును. తలయెత్తినప్పుడు తొందరపడి ఔననకుండుటకును, తొందరపడి కాదనకుండుటకును, ముందుగా విచారించి యుంచుకొనుట మేలు.

ఇట్టి రాతిని నీటి యొత్తిడితో పగులగొట్టి వాయువును రాబట్టు ఫ్రాకింగు అనునది క్రొత్త విద్య కాదు. 1947లో అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున హ్యూగోటన్ వాయుక్షేత్రములో మొదట ప్రయోగింపబడి, 1949 నుండి వ్యాపారమునకు వచ్చిన పద్ధతి యిది. అయితే టెక్సాసులో జార్జి మిచెల్ అను వర్తకుడు బార్నెట్ షేలుపై దాదాపు రెండు దశాబ్దములు పట్టువిడువక ధనము వెచ్చించుటయు, 1998 ప్రాంతమున ఆయన ఇంజనీర్లు చిక్కని ద్రవమునకు బదులు పలుచని నీటితోనే తక్కువ వ్యయమున రాతిని పగులగొట్టు ఉపాయమును సాధించుటయు, నిలువుగా దించిన బావిని పొరలోనికి చేరిన పిమ్మట అడ్డముగా మరలించి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పోనిచ్చు నేర్పు దానికి తోడగుటయు జరిగినపిమ్మటనే ఈ విద్య ప్రపంచపు ఇంధన వ్యాపారమును తారుమారు చేయగలిగినది. పని జరుగు తీరు చెప్పుటకు సులభమే. ఉక్కుగొట్టమును, దాని చుట్టు సిమెంటును దించిన బావిలోనికి మిక్కిలి యొత్తిడితో నీటిని పంపినచో రాయి వెండ్రుకవాసి సందులుగా చీలును. నీటితో పాటు పోయిన ఇసుకరేణువులు ఆ సందులను మరల మూసికొనకుండ నిలిపి యుంచును. వాయువు ఆ దారిన పైకి వచ్చును. ఆ ద్రవములో నూటికి తొంబది పాళ్ళకు పైగా నీరే. మిగిలినదానిలో అధికభాగము ఇసుక. రసాయనములు ఒక పాలు లోపుగనే యుండును. ఒక పాలనగా అల్పమని తోచును గాని, ఒక్క షేలు బావికి కోటి లీటర్లకు మించిన నీరు కావలసివచ్చునపుడు అందులో నూరవవంతు లక్ష లీటర్లు.

బొగ్గుపొరల వాయువు సంగతి కొంత వేరు. అక్కడ వాయువు బొగ్గునకు అంటుకొని, పైనున్న నీటి యొత్తిడిచే అణగియుండును. ఆ నీటిని తోడివేసినచో, గోలీసోడా నొక్కగానే పొంగినట్లు, మీథేను విడివడి వచ్చును. కనుక షేలు వాయువునకు నీటిని లోనికి పంపవలెను, బొగ్గు వాయువునకు నీటిని వెలికి తోడవలెను. అవసరమైనచోట్ల బొగ్గును సైతము పగులగొట్టుదురు. ఈ లోయవాసులకు రెండు విధములను నీటి లెక్కయే ముఖ్యము.

ఇక లాభములు. వీనిని తేలికగా త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపజాలను. ఖమ్మము జిల్లాలో మిరప, ప్రత్తి వేయు రైతు యూరియా బస్తాకై సొసైటీ గోదాము ముందు వేకువనే నిలుచుండుట మనమందరము చూచినదే. ఆ యూరియాకు మూలము నేడు ప్రకృతివాయువు. రామగుండములో బొగ్గునుండి యెరువు చేయవలెనను సాహసముతో 1980లో ప్రారంభమైన కర్మాగారము యంత్రముల మొరాయింపుతోను నష్టములతోను సతమతమై 1999లో మూతపడినది. అదే చోట 2021లో మరల యూరియా తయారగుట మొదలైనదన్నచో అది ఆంధ్రతీరమునుండి గొట్టములో వచ్చిన వాయువు చలువయే. ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా చేయగల శక్తి దానికున్నది. బొగ్గుగనుల నడిబొడ్డున బొగ్గు చేయలేని పని వాయువు చేసినదన్న విషయమును, సింగరేణి నభిమానించు నేనును అంగీకరింపక తప్పదు.

విద్యుత్తు విషయములోను అంతే. ఒక యూనిటు విద్యుత్తునకు వాయువును మండించినప్పుడు వెలువడు కార్బను డయాక్సైడు, బొగ్గును మండించినప్పటిదానిలో సుమారు సగము. బూడిద లేనే లేదు. పాల్వంచలో 1966 నుండి విద్యుత్కేంద్రము నడచుచున్నది. మణుగూరు వద్ద 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రము ఇటీవలనే తోడైనది. ఈ రెంటి బూడిదను పీల్చుచు, ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టల నీడన బ్రతుకుచున్న గ్రామస్థునితో, వాయువు అపాయకరమని చెప్పబోయినచో, మరి బొగ్గు మాకు చేసిన ఉపకారమేమని అతడు తిరిగి యడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ ముందుకు పోవుట న్యాయము కాదు. అమెరికాలో 2005 ప్రాంతమున విద్యుత్తులో సగము బొగ్గునుండి వచ్చెడిది; 2020 నాటికి అది అయిదవ వంతునకు పడిపోయినది. పర్యావరణోద్యమము కంటె చవుకైన షేలు వాయువే ఆ మార్పునకు పెద్ద కారణమని నా యభిప్రాయము.

అయితే అక్కడ వాయువు వచ్చి బొగ్గును తొలగించినది. ఇక్కడ అట్లు జరుగునా? సింగరేణి 2023-24లో ఏడు కోట్ల టన్నుల బొగ్గు త్రవ్వినది. దానిని తగ్గింతుమని ఏ ప్రభుత్వమును చెప్పలేదు. బొగ్గునకు బదులుగా గాక, బొగ్గుతో బాటు వాయువును త్రవ్వినచో, ఆ సగపు లెక్క ఈ గాలికి చెల్లదు. అదియును గాక, మీథేను మండకుండ తప్పించుకొని గాలిలో కలిసినపుడు, ఇరువదియేండ్ల కాలములో కార్బను డయాక్సైడు కంటె ఎనుబది రెట్లకు మించి వేడిని పట్టియుంచును. బావినుండి విద్యుత్కేంద్రము వరకు గల దారిలో నూటికి మూడు పాళ్ళకు మించి వాయువు కారిపోయినచో, బొగ్గునకు బదులు వాయువును మండించుటవలన వెంటనే గలుగు ప్రయోజనము పోవునని అమెరికా శాస్త్రజ్ఞులు 2012లోనే గణించి చూపిరి. గొట్టముల యతుకులను నిత్యము పరీక్షించు క్రమశిక్షణ మనకెంత గలదో, 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరము గ్రామములో గెయిల్ గొట్టము పేలి ఇరువదిమందికి పైగా దగ్ధమైన ఉదంతము చెప్పుచున్నది.

నీటి విషయమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఈ లోయకు ప్రాణము నీరే గనుక. చర్ల, దుమ్ముగూడెము మన్యములో ఎండకాలమున కోయగూడెములకు పోయి చూడుడు: ఎండిన వాగు గర్భములో ఇసుకను చేతులతో తోడి చెలమ చేసి, ఊరిన నీటిని సొరకాయ బుర్రతో ముంచి బిందె నింపుకొను స్త్రీలు నేటికిని కనుపింతురు. ఆ చెలమకు నీరెక్కడిది? ఇసుకలో నిలిచిన వాననీరు కొంత, చుట్టునున్న రాళ్ళ సందులనుండి ఊరునది కొంత. నది కావలి గట్టున బొగ్గుపొరల మీద కామ్తీ ఇసుకరాయి యున్నది. వేలకొలది బోరుబావులకు అదియే ఆధారము. షేలునకుగాని, లోతు బొగ్గునకుగాని దిగు ప్రతి బావియు ఆ నీటిరాతిని చీల్చుకొని పోవలసినదే. కిలోమీటరు లోతున పగిలిన చీలిక తనంతట తాను పైకి ప్రాకి నీటిని చేరుట యరుదని ఇంజనీర్లు చెప్పుదురు, అది నిజమే. అపాయము చీలికలో లేదు, గొట్టము చుట్టు పోసిన సిమెంటులో నున్నది, పైకి వచ్చిన ఉప్పునీటిని నిలువచేయు గుంటలో నున్నది. అమెరికా పర్యావరణ సంస్థ 2016 డిసెంబరులో వెలువరించిన నివేదికయు, కొన్ని పరిస్థితులలో ఈ పనులు త్రాగునీటిని చెడగొట్టగలవని ఒప్పుకొని, ఆ పరిస్థితులలో చెడిన సిమెంటును, ఒలికిన మురుగును, నీరు తక్కువైన చోట నీటిని తోడుటను లెక్కించినది.

ఆ గుంటల సంగతి మన నదితో చేర్చి ఆలోచింపుడు. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. ఈ యంకెలు ఇక్కడి పసిపిల్లలకును తెలియును. 1986 ఆగస్టులో నీరు 75 అడుగులు దాటినది. 2022 జులై 16న 71.3 అడుగులకు వచ్చినది. బూర్గంపాడు మొదలు కూనవరము వరకు ఊళ్ళకూళ్ళు మునిగిన ఆ దినములలో, ఏటియొడ్డున రసాయనజలముతో నిండిన గుంటలు పదియో పండ్రెండో యుండిన యెడల, అవి ఏ గట్టు కట్టినను నిలిచియుండునా? ప్లాస్టిక్ పట్టా పరచిన గుంట అమెరికా మైదానములో సరిపోవునేమో. గోదావరి వరదముంపులో అది పరిహాసాస్పదము. ఈ ఒక్క కారణము చాలును, నది కిరువైపుల వరద తాకు మేర యంతటను ఈ పనిని నిషేధించుటకు.

భూకంపముల మాట యెత్తగనే సభలో కొందరు చిరునవ్వు నవ్వుదురని యెరుగుదును. కాని ఈ ఊరి వృద్ధులు నవ్వరు. 1969 ఏప్రిల్ 13న ఇదే భద్రాచల ప్రాంతము 5.7 తీవ్రతతో కంపించినది. 2024 డిసెంబరు 4న ములుగు అడవులలో పుట్టిన 5.3 తీవ్రతగల కంపము హైదరాబాదు వరకు తెలిసినది. మన లోయ యనగా భూమి కోట్ల యేండ్లనాడు రెండువైపుల చీలి నడుమ క్రుంగిన పల్లము. దాని యంచులు నేటికిని పూర్తిగా సద్దుమణగినవి కావు. అమెరికాలోని ఓక్లహోమాలో, చమురు వాయు బావులనుండి వచ్చిన మురుగునీటిని లోతు బావులలోనికి త్రోసివేయుట సాగినపిమ్మట, 2011లో 5.7, 2016లో 5.8 తీవ్రతగల కంపములు కలిగినవి. ఇంగ్లండులో బ్లాక్‌పూలు సమీపమున 2019 ఆగస్టులో రాతిని పగులగొట్టుచుండగా 2.9 తీవ్రతగల కంపము కలుగగా, ఆ నవంబరులోనే ప్రభుత్వము పనిని నిలిపివేసినది. 1969 నాటి కంపము మానవకృతము కాదు. అది ప్రకృతి చేసినదే. అయితే ప్రకృతియే అంత బలముతో కదలింపగల బీట యొకటి మన కాళ్ళక్రింద నున్నదని తెలిసినపిమ్మట, దానిలోనికి ఒత్తిడితో నీరు పంపుదుమనువారిని ముందుగా ఆ బీట పటము చూపుమని యడుగుట భయస్థుల పని కాదు.

ఇంతటి యపాయమునకు ప్రతిగా మనకు దక్కునదెంత? నా వాదము ముఖ్యముగా ఇక్కడనే నిలుచుచున్నది. వాయువును బట్టి మన దేశపు భూగర్భగనులను మూడు తరగతులుగా విభజించియున్నారు. మొదటి తరగతి యనగా బొగ్గులో మీథేను అత్యల్పముగా నున్నది. సింగరేణి బావులు ఈ మొదటి తరగతివే. బాయిలో దిగు కార్మికునికి ఇది వరము. జరియాలో మీథేను పేలి గనికి గని దగ్ధమైనటువంటి దుర్ఘటనలు ఇక్కడ అంతగా లేకుండుటకు ఇదియొక కారణము. కార్మికునికి వరమైనది వాయువు వర్తకునికి నిరాశ. మిక్కిలి లోతైన పొరలలో కొంత హెచ్చుగా నుండవచ్చును; అంతలోతునకు పోవుట వ్యయసాధ్యము. బ్యారెన్ మెజర్స్ విషయమునకు వత్తము. దామోదర లోయలో ఆ పొర యధికముగా నల్లని షేలు. మన లోయలో అదే కాలపు పొర యధికముగా ఇసుకరాయి, నడుమనడుమ కొద్దిపాటి బంకమన్ను. మన గురువర్యుడు చేతిలో పెట్టిన ముక్కను చూచి ఈ తేడా చెప్పలేని శిష్యుని చేతిలో ఆయన మరియొక ముక్కను పెట్టెడివాడు. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో ప్రపంచ షేలు నిధులను లెక్కించినపుడు భారతదేశమునకు 96 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు కలదని వ్రాసినను, ప్రాణహిత-గోదావరి లోయను ఆ లెక్కలో చేర్చనేలేదు. అదే దేశపు భూగర్భ సర్వే వారు అంతకు ముందటి యేడాది మూడు భారతీయ క్షేత్రములకు వేసిన యంచనా కేవలము 6.1 లక్షల కోట్లు. పండితుల గణనలే ఇట్లు పదునైదు రెట్లు వేరుపడినపుడు, ఆ యంకెలను చూపి అడవిబిడ్డలకు ఉద్యోగముల నాశ పెట్టుట యెంతవరకు తగును? కృష్ణా గోదావరి సముద్రగర్భములో డి-6 క్షేత్రము 2009లో ఆర్భాటముగా ప్రారంభమై, కొలది యేండ్లలోనే ఎండిపోవనారంభించుటయు, దానిని నమ్మి కట్టిన విద్యుత్కేంద్రములు వాయువు లేక వట్టిగా నిలుచుటయు మన కన్నులయెదుట జరిగినవే.

కోనసీమ గతి మనకు పాఠము కావలెను. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చెలరేగిన బావిమంట 65 దినములు మండినది; కొబ్బరితోటలు మాడినవి; జనులు ఇండ్లు విడిచిపోయిరి. ఆ నేల వాయువు గొట్టములలో దూరపు కర్మాగారములకు పోవుచుండగా, అక్కడివారు గ్యాసుబండకై మిగిలినవారివలెనే వరుసలో నిలుచుండిరి. లాభము గొట్టము వెంట దూరము పోవును. నష్టము నేలలో నిలుచును. మన్యములో ఈ వ్యత్యాసము మరియు దుస్సహము, నష్టమునకు సాక్ష్యము చెప్పుటకైనను ఇక్కడివారికి తగిన సాధనములు లేవు గనుక.

చట్టములు లేవా యనవచ్చును. గిరిజనుల భూముల బదలాయింపును గురించిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషను కలదు. 1997 జులైలో సుప్రీంకోర్టు సమతా తీర్పులో షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు గనులకు ఇయ్యరాదని చెప్పియున్నది. 1996 నాటి పెసా చట్టము గ్రామసభకు మాట యిచ్చినది. కాని ఆ మాట ఎక్కడ ఆగినదో చూడుడు. గనుల లైసెన్సునకు గ్రామసభ సిఫారసు తప్పనిసరియని పెసా చెప్పినది చిల్లర ఖనిజముల విషయమున మాత్రమే. చమురు, వాయువు అందులో లేవు, అవి కేంద్రము అధీనములోనివి. భూసేకరణ జరిగినప్పుడు సభను సంప్రదింపవలెను, నిజమే. కాని ఒక వాయుబావికి ఎకరములు నాలుగైదు చాలును, దానినైనను తాత్కాలికముగా కౌలునకు తీసికొనవచ్చును. ఇక 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ చేసిన ప్రకటన, చమురు వాయువుల అన్వేషణను బి-2 తరగతిలోనికి మార్చినది. అనగా వెదకు దశలో బహిరంగ విచారణ అక్కరలేదు. పరీక్షకై రాతిని పగులగొట్టుట వెదకు దశలోనిదే. ఊరివారు నోరు విప్పుటకు అవకాశము వచ్చునప్పటికి బావి త్రవ్వుట, పగులగొట్టుట ముగిసియుండును. ఈ భద్రాచలము 1959లో తూర్పు గోదావరినుండి ఖమ్మమునకు వచ్చినది. 2014లో దీని చుట్టునున్న మండలములు ఆంధ్రకు పోయినవి. 2016లో ఇది కొత్తగా ఏర్పడిన జిల్లాలో చేరినది. పాలనపు గీతలు ఇట్లు మారుచుండగా, ఒక గట్టున అనుమతించిన బావి మరియొక గట్టున నీరు చెరిచినచో ఏ కలెక్టరు కచేరీకి పోవలెనో మన కోయసోదరునకు ఎవరు చెప్పుదురు?

నేను వాయువునకు విరోధిని కాను. వాయువు నిశ్చయముగా నున్న తీరప్రాంతములో, కఠినమైన పరీక్షలతో, దాపరికము లేని రసాయనపు జాబితాతో, అక్కడి ప్రజల యనుమతితో త్రవ్వినచో, రామగుండములో దానితో యూరియా తయారగుచున్నంతకాలము దానిని తప్పుపట్టను. గోదావరి లోయలోని ఈ బొగ్గు, షేలు పొరలలో మాత్రము ఫ్రాకింగునకు నేడు అనుమతి యీయరాదని నా నిశ్చితాభిప్రాయము. లాభము రుజువు కాలేదు, నీరు తక్కువ, వరద యెక్కువ, నేల కదలునది, జనులకు మాట లేదు.

చివరగా ఒక విన్నపము. నాలుగేండ్లకో, పదేండ్లకో రిగ్గు రానే వచ్చుననుకొందము. అప్పుడు మా బావినీరు చెడినదని ఊరివారన్నచో, ఇదివరకు ఎట్లుండెనో చూపుమని అడుగుదురు. పెన్సిల్వేనియాలో ఇంటిబావిలోని మీథేనుపై చెలరేగిన వివాదములు ముందటి లెక్క లేకుండుటచేతనే తెగక సాగినవి. కావున ఈ సభలోని ఉపాధ్యాయులను, పంచాయతీ కార్యదర్శులను, కళాశాల రసాయనశాస్త్ర విద్యార్థులను వేడుకొనుచున్నాను: ఈ ఎండకాలమునుండియే ప్రతి గూడెములో ఒక చెలమనుండి, ఒక బోరునుండి నీటిని పట్టి, ఉప్పు, మీథేను, భారలోహములు పరీక్షింపజేసి, తేదీతో గ్రామసభ పుస్తకములో వ్రాయించి, ఇద్దరు పెద్దల చేవ్రాలు చేయించి యుంచుడు.